మత్తు దిగింది, మతి కుదుటపడలేదు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



1895లో భీమవరంలో పుట్టి 1948లో అమెరికాలో కన్నుమూసిన సుబ్బారావుగారి పేరు చెప్పగానే మనకు మందులు గుర్తొస్తాయి. ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజీన్, పిల్లల రక్త క్యాన్సర్ మీద తొలిసారి పనిచేసిన ఆమినోప్టెరిన్. వీటి గురించి ఎన్నో సభల్లో విన్నాం. వీటన్నిటికంటే ముందు ఆయన చేసిన పనిని మాత్రం అంతగా చెప్పుకోం. 1925లో బోస్టన్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను రంగు గాఢతతో కొలిచే పద్ధతిని తయారుచేశారు. చూడ్డానికి చిన్న పని. ఆ కొలత చేతికొచ్చాకే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీ వాళ్ల కంటపడ్డాయి. నమ్మదగిన కొలత లేకుండా ఆ రెండూ దొరికేవి కావు.

నేటి నా విషయానికీ ఆ పనికీ చుట్టరికం ఉంది. పెద్దవయసులో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కొందరికి మతి తప్పుతుంది. అది ఎవరికి వస్తుందో కృత్రిమ మేధ ముందే చెబుతుందని ఇప్పుడు ప్రపంచమంతా అంటోంది. ఆ మాటలో నిజం ఎంత, ఆ నిజం మన ఊళ్లలోని ఆసుపత్రులకు ఎంతవరకు పనికొస్తుంది? నేను వృత్తిరీత్యా మత్తు డాక్టర్ని. రోగిని నిద్రపుచ్చడం, మళ్లీ లేపడం మా పని. లేచినాయన మునుపటి మనిషేనా అన్నది మేం చాలాకాలం అడగని ప్రశ్న.

మంచం మీద ఏం జరుగుతుంది

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన డెబ్భై ఎనిమిదేళ్ల పెద్దాయన ఉన్నారనుకోండి. మొదటి రోజు బాగానే ఉంటారు. రెండో రోజు సాయంత్రానికి సెలైన్ పైపు లాగేస్తారు, మంచం దిగబోతారు, ఎప్పుడో చనిపోయిన తమ్ముణ్ణి పిలుస్తారు. తెల్లారేసరికి మామూలుగా మాట్లాడతారు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు 'బాగానే ఉన్నారుగా' అని వెళ్లిపోతారు. చీకటి పడగానే మళ్లీ మొదలు. ఇంట్లోవాళ్లలో ఒకరు గాలి సోకిందంటారు, ఇంకొకరు మత్తు ఎక్కువిచ్చారంటారు, మూడోవారు వయసు కదా అని ఊరుకుంటారు.

దీన్నే వైద్యంలో డెలీరియం అంటాం. గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో హఠాత్తుగా మొదలవడం, పూటపూటకీ హెచ్చుతగ్గులవడం, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం దీని గుర్తులు. మతిమరుపు జబ్బు ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. డెలీరియం ఒక్క రాత్రిలో వచ్చిపడుతుంది.

కేకలు పెట్టే రోగిని వార్డంతా గమనిస్తుంది. దీనికి మరో రూపం ఉంది. అందులో రోగి ముడుచుకుని పడుకుంటారు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటారు, అన్నం నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోతారు. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఆ రోగిని అందరూ మంచి పేషెంట్ అంటారు. పెద్దవాళ్లలో ఈ నిశ్శబ్ద రూపమే ఎక్కువగా కనబడకుండా పోతుంది. యంత్రం సంగతికి వచ్చినప్పుడు ఈ రోగిని మళ్లీ తలుచుకోవాల్సి ఉంటుంది.

వచ్చింది పోతుంది కదా, అంత కంగారెందుకని అనుకోవచ్చు. గుండె ఆపరేషన్ అయిన 225 మంది మీద 2012లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనంలో 46 శాతం మందికి డెలీరియం వచ్చింది. ఆర్నెల్ల తర్వాత పరీక్షిస్తే, డెలీరియం వచ్చినవాళ్లలో 40 శాతం మంది ఆపరేషన్‌కు ముందున్న తెలివికి ఇంకా చేరుకోలేదు. రానివాళ్లలో అలాంటివారు 24 శాతం. డెలీరియం వచ్చినవాళ్లకు ఆసుపత్రిలో రోజులు పెరుగుతాయి, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. నడిచి వచ్చిన మనిషి మంచాన పడి ఇంటికి చేరడమూ ఎక్కువే.

ఎవరికి, ఎందుకు

దీనికి ఒకే కారణం ఉండదు. మెదడులో నిల్వ శక్తి తగ్గిన మనిషి మీద ఒకేసారి నాలుగైదు దెబ్బలు పడతాయి. వయసు, లోపల మెల్లగా మొదలైన మతిమరుపు, చూపు మందగించడం, చెవుడు, మద్యం అలవాటు, రక్తహీనత ముందునుంచీ ఉన్నవి. గాయం వల్ల ఒళ్లంతా పుట్టే వాపు ప్రభావం మెదడుదాకా పాకడం, నొప్పి, నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, మూత్రం బిగదీయడం, మలబద్ధకం, ఇన్‌ఫెక్షన్ ఆపరేషన్ తర్వాత వచ్చిచేరేవి. వీటికి మన చేతి చలవ కూడా తోడవుతుంది. దద్దురు వచ్చిందని ఎవిల్ ఇంజక్షన్, వాంతికి ఫెనర్గాన్, నిద్ర పట్టలేదంటే డయాజిపామ్ లేదా లోరాజిపామ్. ముసలివాళ్ల మెదడుకు ఇవి గిట్టవని దశాబ్దాలుగా తెలుసు. అయినా రాత్రి రెండింటికి వార్డులో చేతికి అందేవి అవే.

మా వృత్తి మీద పడే నింద ఒకటుంది కాబట్టి ఒక మాట. పూర్తి మత్తు ఇస్తేనే మతి పోతుందని, నడుముకు ఇంజక్షన్ ఇస్తే పోదని జనంలోనూ వైద్యుల్లోనూ బలమైన నమ్మకం ఉంది. తుంటి విరిగిన 1,600 మంది మీద ఉత్తర అమెరికాలో జరిగిన రీగెయిన్ పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. నడుము ఇంజక్షన్ గుంపులో 20.5 శాతానికి, పూర్తి మత్తు గుంపులో 19.7 శాతానికి డెలీరియం వచ్చింది. అంటే తేడా లేనట్టే. మెదడు తరంగాలు చూస్తూ మత్తు మోతాదు తగ్గిస్తే మేలని 1,232 మంది మీద చేసిన ఎంగేజెస్ పరిశోధనలోనూ డెలీరియం తగ్గలేదు. జబ్బు మూలం ఆపరేషన్ థియేటర్‌లోని ఒక్క మందులోనో ఒక్క మీటరులోనో లేదు. ఆపరేషన్‌కు ముందు ఆ మనిషి ఎలా ఉన్నారు, తర్వాత మూడు రోజులు వార్డు ఎలా చూసుకుంది అన్నవాటిలోనే ఎక్కువగా ఉంది.

యంత్రానికి ముందు లెక్కలు

ముందే పసిగట్టాలన్న ఆలోచన కంప్యూటర్లతో మొదలవలేదు. 1990లో షారన్ ఇనౌయే, ఆమె సహచరులు డెలీరియంను మంచం పక్కనే నిర్ధారించే కామ్ అనే పద్ధతిని ఇచ్చారు. హఠాత్తుగా వచ్చి హెచ్చుతగ్గులవుతోందా, ధ్యాస నిలవడం లేదా అన్న రెండు ప్రశ్నలకూ అవునని జవాబు రావాలి. వాటికి తోడు మాటల్లో పొంతన లేకపోవడమో, మెలకువ స్థాయి మారడమో ఉండాలి. అంతే. మానసిక వైద్య నిపుణుడు రాకుండానే శిక్షణ పొందిన నర్సు దీన్ని చేయగలదు.

కొలత దొరికాక లెక్కలు వచ్చాయి. 1994లో బోస్టన్‌లో ఎడ్వర్డ్ మార్కంటోనియో బృందం గుండెకు సంబంధం లేని ఆపరేషన్లు చేయించుకున్న 1,341 మందిని గమనించి, ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పే చిన్న పట్టిక తయారుచేసింది. 70 ఏళ్లు దాటడం, మద్యం, ముందే ఉన్న మతిమరుపు, నడక ఓపిక తగ్గడం, సోడియం, పొటాషియం, చక్కెర బాగా అటూఇటూ కావడం, రెండు రకాల పెద్ద ఆపరేషన్లు. కాగితం మీద పాయింట్లు కూడుకుంటే సరిపోతుంది. ముప్పై ఏళ్ల వెనకటి మాట ఇది. ఆ పట్టికలోని అంశాలే ఇప్పటి యంత్రాలూ తిరిగి తిరిగి పట్టుకుంటున్నాయి.

యంత్రం ఏం చేస్తోంది

పాత పట్టిక ఏడెనిమిది అంశాలు చూస్తే యంత్రం వందలు చూస్తుంది. ఇదివరకు ఆపరేషన్ అయిన రోగుల వయసు, పాత జబ్బులు, వాడుతున్న మందులు, రక్తపరీక్షలు, ఏ ఆపరేషన్, ఎంత అత్యవసరం, నర్సులు రాసిన గమనికలు అన్నీ దానికి ఇస్తారు. వీళ్లలో ఎవరికి డెలీరియం వచ్చిందో కూడా చెబుతారు. యంత్రం మొదట అవును-కాదు ప్రశ్నలే కొమ్మలుగా ఒక చిన్న నిర్ణయ వృక్షం వేస్తుంది. అది ఎక్కడ తప్పిందో చూసి ఆ తప్పును దిద్దే మరో వృక్షం, దాని తప్పును దిద్దే ఇంకొకటి, ఇలా వందల వృక్షాలు పేరుస్తుంది. ఈ రంగంలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇదే.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 24,885 శస్త్రచికిత్సల రికార్డులతో చేసిన నమూనాను 2022లో ప్రచురించారు. ఆపరేషన్‌కు ముందున్న సమాచారంతోనే 0.85 స్కోరు సాధించింది. ఆ స్కోరుకు అర్థం ఇది: డెలీరియం వచ్చిన ఒకరినీ రాని ఒకరినీ ఎదురుగా పెడితే, వచ్చినవారికే ఎక్కువ ముప్పు ఉందని నమూనా వందకు 85 సార్లు సరిగా చెబుతుంది. బొమ్మా బొరుసా వేస్తే 0.50 వస్తుంది. అంతకు ముందే ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఇలాంటి నమూనాను ఆసుపత్రి కంప్యూటర్ వ్యవస్థలోనే అమర్చి, నిజమైన రోగుల మీద నెలల తరబడి నడిపి, ఫలితాలను 2020లో వెల్లడించారు. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వాళ్లు ఇంకో అడుగు వేశారు. అంకెలతో పాటు డాక్టర్లూ నర్సులూ రాసిన వాక్యాలను కూడా చదివే నమూనాను చేసి, 2025లో నివేదించారు. దాన్ని వాడుకలోకి తెచ్చాక వాళ్లు నెలనెలా గుర్తించే డెలీరియం 4.4 శాతం నుంచి 17.2 శాతానికి పెరిగింది.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగుదాం. డెలీరియం నాలుగింతలు అయిందని కాదు. ముందు కూడా ఆ రోగులు ఆ మంచాల మీదే ఉన్నారు, ఎవరూ చూడలేదు. యంత్రం ఫలానా మంచం దగ్గరికి వెళ్లమంది. ప్రత్యేక బృందం వెళ్లి పరీక్షించింది. నేను ఇందాక చెప్పిన ఆ 'మంచి పేషెంట్' అప్పుడు లెక్కలోకి వచ్చారు. యంత్రం చేసిన అసలు మేలు మనుషుల్ని సరైన మంచం దగ్గరికి పంపడం. నిర్ధారణ మంచం పక్కన నిలబడ్డ మనిషే చేశాడు.

అంకెల్ని చదవడం

0.85 అనగానే చప్పట్లు కొట్టే అలవాటు మనకు వచ్చేసింది. అందుకే ఇంకో అంకె పక్కన పెడతాను. బోస్టన్‌లో ఇనౌయే నాయకత్వంలో సేజెస్ అనే అధ్యయనం జరిగింది. 70 ఏళ్లు నిండినవాళ్లనే తీసుకుని, ఆపరేషన్ తర్వాత శిక్షణ పొందినవాళ్లు రోజూ వెళ్లి మాట్లాడి, డెలీరియం ఉందో లేదో తేల్చారు. ఆ 560 మంది సమాచారాన్ని 2021లో రకరకాల యంత్ర పద్ధతులకు ఇచ్చి చూస్తే అత్యుత్తమ స్కోరు 0.71 దాటలేదు.

రెండూ మంచి బృందాలే. మరి తేడా ఎక్కడిది? మొదటిదాంట్లో వయోజనులంతా ఉన్నారు. పాతికేళ్ల కుర్రాడికి రాదు, ఎనభై ఏళ్ల తాతకు రావచ్చు అని చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అలాంటి సులువు జతలే స్కోరును పైకి లాగుతాయి. రెండోదాంట్లో అందరూ పెద్దవాళ్లే, ఎనభై ఏళ్ల ఇద్దరిలో ఎవరికన్నది ప్రశ్న. మా వార్డులో నాకు కావలసిన జవాబు అదే. అక్కడే యంత్రం తడబడుతోంది.

రెండో తేడా ఇంకా లోతైనది. రికార్డుల మీద ఆధారపడే నమూనాకు 'డెలీరియం వచ్చింది' అంటే 'డెలీరియం అని ఎవరో రాశారు' అని అర్థం. గొడవ చేసినవాళ్ల గురించి రాస్తారు, ముడుచుకుని పడుకున్నవాళ్ల గురించి రాయరు. అప్పుడు యంత్రం నేర్చుకునేది ఎవరికి జబ్బు వస్తుందని కాదు, ఎవరి జబ్బును మనం పట్టించుకుంటామని. గొడవ చేసే రోగిని శాంతింపజేయడానికి హాలోపెరిడాల్ రాసిన సంగతి కూడా దానికి అందితే పరిస్థితి మరీ విచిత్రం. డాక్టరుకు అనుమానం వచ్చిందన్న వాసన పట్టి, తానే ముందుగా చెప్పినట్టు స్కోరు కొట్టేస్తుంది. సుబ్బారావుగారి ప్రయోగశాల క్రమశిక్షణ ఇక్కడ పనికొస్తుంది. కొలత నిలబడేదా అన్నది తేలాకే ఫలితం గురించి మాట్లాడాలి.

మూడోది, ఒకచోట నేర్చినది ఇంకోచోట నిలబడుతుందా అన్నది. ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినే సెప్సిస్‌ను ముందే చెబుతుందని వందల అమెరికా ఆసుపత్రుల్లో వాడిన ఎపిక్ కంపెనీ నమూనాను 2021లో మిషిగన్ పరిశోధకులు తమ 38,455 చేరికల మీద పరీక్షించారు. స్కోరు 0.63కు పడిపోయింది. సెప్సిస్ వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతుల మందిని అది పట్టుకోలేదు. ఒకే దేశంలో, ఒకే రకం రికార్డులతోనే ఇలా అయితే, శాన్‌ఫ్రాన్సిస్కోలో నేర్చినది శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో పనిచేస్తుందని పరీక్షించకుండా ఎలా నమ్మాలి?

ఇక సామాన్య గణితం. గ్రాజ్ నమూనా అక్కడ డెలీరియం వచ్చినవాళ్లలో సుమారు 74 శాతాన్ని పట్టుకుంది, రానివాళ్లలో 82 శాతాన్ని సరిగానే వదిలేసింది. అవే శాతాలు మన దగ్గరా వచ్చాయనుకుందాం. వెయ్యి మందిలో వందమందికి డెలీరియం వచ్చే వార్డులో అది 74 మందిని పట్టి 26 మందిని జారవిడుస్తుంది. మిగతా 900 మందిలో 162 మందికి ఊరికే గంట కొడుతుంది. అంటే గంట మోగిన 236 మందిలో నిజంగా వచ్చేది మూడో వంతుకన్నా తక్కువ మందికి. అదే యంత్రాన్ని తుంటి ఆపరేషన్ల వార్డులో, వెయ్యికి 250 మందికి వచ్చేచోట పెడితే, గంట మోగిన 320 మందిలో 185 మందికి నిజమవుతుంది. యంత్రం మారలేదు, వార్డు మారింది. ఎక్కడ పెడుతున్నామో తెలియకుండా అది మంచిదో చెడ్డదో చెప్పలేం.

హెచ్చరిక వచ్చాక

హెచ్చరిక ఒక్కటే ప్రాణాలు కాపాడదని కోస్తావాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది వరకు పోయారు. 1990 మేలో అంతటి భీకర తుఫానే మళ్లీ కోస్తాను తాకితే మరణాలు వెయ్యి లోపు ఆగాయి. హెచ్చరిక మెరుగుపడటం ఒక్కటే కాదు, లక్ష మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. వెళ్లడానికి లారీ, తలదాచుకోవడానికి కప్పు లేనివాడికి రేడియోలో వార్త ఎంత కచ్చితంగా వచ్చినా ఒకటే.

డెలీరియంలో ఆ తరలింపు ఏమిటన్నది మనకు బాగానే తెలుసు. ఇనౌయే బృందం 70 ఏళ్లు నిండిన 852 మంది మీద చేసి 1999లో ప్రచురించిన పరిశోధన మెడికల్ వార్డులో జరిగినా, దారి చూపింది అదే. రోగికి రోజు, చోటు గుర్తుచేస్తూ మాట్లాడటం, నిద్రమాత్ర బదులు రాత్రి సందడి తగ్గించి నిద్రపుచ్చడం, త్వరగా నడిపించడం, కళ్లజోడు, చెవి మిషన్ అందించడం, నీళ్లు తాగించడం. డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. అదే పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. ఒకసారి డెలీరియం వచ్చాక ఇవే పనులు చేస్తే దాని తీవ్రత పెద్దగా తగ్గలేదు. అందుకే రాకముందే పట్టుకోవాలి. ముందుచూపు యంత్రాలకు ఇంత విలువ రావడానికి కారణం ఇదొక్కటే.

శస్త్రచికిత్స రోగుల్లోనూ ఇది నిలబడింది. 2001లో ప్రచురితమైన పరిశోధనలో, తుంటి విరిగిన 126 మందిలో వృద్ధవైద్య నిపుణుడు ముందునుంచీ రోజూ చూసినవాళ్లలో 32 శాతానికి, మామూలు వైద్యం అందినవాళ్లలో 50 శాతానికి డెలీరియం వచ్చింది. తైవాన్‌లో 2017లో ప్రచురించిన పరిశోధనలో పొట్ట ఆపరేషన్లు అయిన 377 మందికి మూడే పనులు చేశారు: పలకరింపు, నోటి శుభ్రతతో తిండి, త్వరగా నడిపించడం. 15.1 శాతం 6.6కు దిగింది. చైనాలోని చెంగ్డూలో 2020లో ప్రచురించిన పరిశోధన మనకు ఇంకా దగ్గరది. అక్కడ ఈ పనుల్లో ఇంట్లోవాళ్లను కలుపుకున్నారు. 281 మందిలో మామూలు వైద్యం అందినవాళ్లకు 19.4 శాతం, కుటుంబం పాలుపంచుకున్నవాళ్లకు 2.6 శాతం.

ఆ అంకె చూసి మన ఆసుపత్రులను తలుచుకోండి. మన వార్డులో ప్రతి మంచం పక్కనా ఒక మనిషి ఉంటాడు. కొడుకో కోడలో, కింద చాప పరుచుకుని, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని. మనం వాళ్లను రద్దీ కింద జమకట్టి, రౌండ్స్ వేళ బయటికి పంపుతాం. 'మా నాన్న ఇట్లా మాట్లాడే మనిషి కాదు డాక్టరుగారూ' అని కూతురు అన్నప్పుడు అది ఫిర్యాదులా వినబడుతుంది. అది మొదటి లక్షణం. ఏ రక్తపరీక్షా అంత తొందరగా పట్టలేనిది.

మన ఆసుపత్రి, మన సమాచారం

ఇక్కడ యంత్రం తెచ్చుకుంటే ముందు ఎదురయ్యేది ఖాళీ. దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి, మతిమరుపు జబ్బు ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. డెలీరియంకు అన్నిటికన్నా పెద్ద ముప్పు అదే. మన కేసు షీట్లలో అది ఎన్నిటిలో కనబడుతుంది? షుగరు రాస్తాం, బీపీ రాస్తాం, 'ఈమధ్య దారి మరిచిపోతున్నారా' అని అడగం. నర్సింగ్ నోట్సులో పూటపూటకీ ఒకే వాక్యం: స్పృహలో ఉన్నారు, మాట్లాడుతున్నారు. మౌంట్ సైనాయ్ యంత్రం వాక్యాల్లో వెతికే సూచనలు మన దగ్గర రాసి ఉండవు. రాయనిది ఏ యంత్రమూ చదవలేదు.

తర్వాత పరీక్షల సంగతి. గడియారం బొమ్మ గీయమనే పరీక్ష పాశ్చాత్య దేశాల్లో బాగా వాడుకలో ఉంది. జీవితంలో పెన్సిలు పట్టని రైతు అమ్మకు ఆ పరీక్ష పెడితే ఆమె తెలివి కాదు, చదువు కొలుస్తున్నాం. అదే అంకెను యంత్రానికిస్తే చదువురానివాళ్లందరికీ ముప్పు ముద్ర పడుతుంది. ఈ విషయంలో మనం వట్టి చేతులతో లేం. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడిగారి బృందం మతిమరుపు ఉన్న 648 మందిని గమనించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో చూపించింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. భారతీయ వైద్య పరిశోధన మండలి పెంపొందించిన జ్ఞాపకశక్తి, తెలివి పరీక్షల సంపుటి తెలుగులోనూ ఉంది. ధ్యాస నిలుస్తోందా అని చూడటానికి వారాల పేర్లు వెనక్కి చెప్పమనడం మార్కంటోనియో బృందం చేసిన మూడు నిమిషాల పరీక్షలో ఒక భాగం. శనివారం, శుక్రవారం, గురువారం అని వెనక్కి రావడానికి బడి చదువు అక్కర్లేదు.

చివరిగా ఒక భయం. ముప్పు స్కోరు చేతిలో ఉంటే దాన్ని ఆపరేషన్ నిరాకరించడానికి వాడుకునేవాళ్లు పుట్టుకొస్తారు. 'స్కోరు ఎక్కువొచ్చింది, ఈ వయసులో ఎందుకు, ఇంటికి తీసుకెళ్లండి' అనడం సులువు. తుంటి విరిగిన ముసలావిడను ఆపరేషన్ లేకుండా మంచాన ఉంచితే నొప్పి, పుండ్లు, న్యుమోనియా ఆమెను వదలవు. డెలీరియం భయంతో ఆమెకు ఆపరేషన్ ఎగ్గొట్టడం వైద్యం కాదు. బీమా వాళ్లకు ఆ స్కోరు చేరడం ఇంకో ప్రమాదం. ఎక్కువ ముప్పు అని తేలిన మనిషికి ఎక్కువ సేవ అందాలి. ఫిజియోథెరపిస్టు ముందు ఆ మంచానికే రావాలి, రాత్రి ఇంట్లోమనిషిని ఆ మంచం పక్కనే ఉండనివ్వాలి, యూరిన్ పైపు ఆ మంచం దగ్గరే ముందుగా తీయాలి. స్కోరు వాడకానికి నియమం ముందే రాసుకోకపోతే యంత్రం కొనకపోవడమే మంచిది.

రెండు గడులు

విమర్శ చేసి దిగిపోవడం న్యాయం కాదు కాబట్టి ఒక ప్రతిపాదన.

మీ ఆసుపత్రిలో 65 ఏళ్లు దాటి ఆపరేషన్‌కు వచ్చే ప్రతి రోగి కేసు షీటులో రెండు గడులు పెట్టండి. మొదటిది ఆపరేషన్‌కు ముందు నింపాలి. ఇంట్లోవాళ్లను 'ఈమధ్య మతిమరుపు కనిపించిందా' అని అడగాలి, రోగిని వారాల పేర్లు వెనక్కి చెప్పమనాలి, కళ్లజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్లు ఉన్నాయా అని రాయాలి. థియేటర్ గుమ్మం దగ్గర వాటిని కవర్లో పెట్టి ఇంట్లోవాళ్లకిస్తాం కదా, తిరిగి ఎప్పుడు పెట్టించారో కూడా ఆ గడిలోనే ఉండాలి. రెండోది ఆపరేషన్ తర్వాత మూడు రోజులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నింపాలి. అవే వారాల పేర్లు, దానితో పాటు తోడున్న మనిషికి ఒక ప్రశ్న: 'నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా?' తేడా ఉందంటే డ్యూటీ డాక్టరు వచ్చి కామ్ ప్రకారం చూడాలి. సోడియం, ఆక్సిజన్, నొప్పి, మూత్రం, మలం, కొత్తగా మొదలైన మందులు, ఇన్‌ఫెక్షన్ వెతకాలి. చేతులు కట్టేయడం, నిద్రమందు ఇవ్వడం మొదటి పనులు కాకూడదు.

దీనికి సర్వరు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఒక్కో రోగికి పూటకు మూడు నాలుగు నిమిషాలు కావాలి. సిస్టర్ల కొరత నాకు తెలుసు. అందుకే మొదట తుంటి ఆపరేషన్ల వార్డుతో మొదలుపెట్టమంటున్నాను. ముప్పు ఎక్కువున్నచోట శ్రమ వృథా కాదని ఇందాక లెక్కలోనే చూశాం.

యువ డాక్టర్లకు ఒక మాట. కృత్రిమ మేధ మీద పరిశోధన పత్రాలు రాయాలన్న ఉత్సాహం మీలో ఉంది, ఉండాలి కూడా. ఈ రంగంలో ఇప్పుడు కొరత ప్రోగ్రాములది కాదు, నమ్మదగిన సమాచారానిది. తెలుగు మాట్లాడే పెద్దవాళ్లను, చదువున్నవాళ్లనూ లేనివాళ్లనూ, మంచం పక్కన కూర్చుని జాగ్రత్తగా గమనించిన సమాచారం నాకు తెలిసినంతలో ఏ దేశపు యంత్రానికీ ఇంకా అందలేదు. దాన్ని తయారుచేయగలిగింది మీరు మాత్రమే. రోగి అనుమతితో, పేరు బయటపడకుండా చేయండి.

ఆ రెండు గడులు నిజాయితీగా నిండిన కేసు షీట్లు వెయ్యి పోగయ్యాయనుకోండి. అప్పుడు మన వార్డులో డెలీరియం ఎంతో మనకు తెలుస్తుంది, ఏ పని చేస్తే తగ్గిందో తెలుస్తుంది. యంత్రం అమ్మడానికి ఎవరు వచ్చినా వాళ్ల స్లైడ్లు చూసి తలాడించకుండా, మన వెయ్యి మందిని ముందు పెట్టి పరీక్ష రాయించగలం. నెగ్గితే కొందాం. ఓడితే కాఫీ ఇచ్చి పంపుదాం. రెండు సందర్భాల్లోనూ ఆ వెయ్యి మందిని ఎవరో ఒకరు పూటపూటా పలకరించి ఉంటారు.